నల్లకోటు, గుండ్రటి సీలు



కర్నూలు నుంచి కడపకు పోయే జాతీయ రహదారి మీద నంద్యాల, ఆళ్లగడ్డ రెండూ తగులుతాయి. రెండు ఊళ్లలోనూ కోర్టులున్నాయి, రిజిస్ట్రాఫీసులున్నాయి. పొద్దున పదిన్నరకు ఆ పరిసరాల్లోకి పోతే మనుషుల సందడి చూడాలి. ఫైళ్ల కట్టలు చంకన పెట్టుకున్న ప్లీడరు గుమాస్తాలు, స్టాంపు వెండర్లు, దస్తావేజు లేఖరులు, జిరాక్స్ షాపులు, వాయిదాకు వచ్చిన కక్షిదారులు, వీళ్ల మధ్యన ఓ బల్ల వేసుకుని సీలు, ఇంకుప్యాడు ముందర పెట్టుకున్న నోటరీ. పల్లె నుంచి వచ్చిన మనిషికి వీళ్లంతా కోర్టు మనుషులే. ఎవరిని పట్టుకున్నా పని అయిపోతుందనుకుంటాడు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. వీళ్లలో ఎవరికి ఏ అర్హత ఉంది, అది ఎట్లా వచ్చింది, ఎవరి సంతకం ఎంతవరకు చెల్లుతుంది? ఇవాళ ఆ సంగతి మాట్లాడుకుందాం.

ముందు వకీలు సంగతి. నల్లకోటు ఎవరైనా కుట్టించుకోవచ్చు. దాంతో వకీలు కాలేరు. 1961 నాటి అడ్వొకేట్స్ చట్టం ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్ జాబితాలో పేరు ఎక్కితేనే న్యాయవాది. ఆ పేరు ఎక్కడానికి భారత పౌరుడై ఉండాలి, 21 ఏళ్లు నిండాలి, గుర్తింపు ఉన్న కాలేజీ నుంచి లా పట్టా ఉండాలి. నీతిబాహ్యమైన నేరానికి శిక్ష పడినవాళ్లకు, విడుదలై రెండేళ్లు దాటేదాకా ప్రవేశం లేదు. పేరు జాబితాలో లేకుండా కోర్టులో వాదిస్తే ఆరు నెలల దాకా జైలు శిక్ష వేయొచ్చని అదే చట్టం చెబుతోంది.

లా పట్టాకు రెండు దారులున్నాయి. ఇంటర్ అయ్యాక ఐదేళ్ల కోర్సు, డిగ్రీ అయ్యాక మూడేళ్ల కోర్సు. మన ఆంధ్రప్రదేశ్‌లో రెండింటికీ లాసెట్ అనే ప్రవేశపరీక్ష రాయాలి. ముందు చదివిన చదువులో 45 శాతం మార్కులుండాలి. ఓబీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 చాలు. నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలు ఎక్కువగా కర్నూలు, అనంతపురం, తిరుపతి వైపు చూస్తుంటారు. చేరేముందు ఒక్క ముక్క అడిగి తెలుసుకోండి: ఆ కాలేజీకి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఈ ఏడాదికి ఉందా? అది లేకపోతే పట్టా గోడకు తగిలించుకోవడానికి తప్ప ఎన్‌రోల్‌మెంట్‌కు పనికిరాదు.

పట్టా చేతికొచ్చాక బార్ కౌన్సిల్‌లో దరఖాస్తు పెట్టి, ప్రమాణం చేసి, నంబరు తీసుకోవాలి. ఆ నంబరులో రాష్ట్రం పేరు, వరుస సంఖ్య, చేరిన సంవత్సరం ఉంటాయి. ఆ నంబరుతో ఇచ్చే నమోదు పత్రాన్ని పెద్దవాళ్లు సనదు అంటారు. వకాల్తా మీద వకీలు సంతకం కింద ఈ నంబరు రాస్తారు. మీ కేసు అప్పగించేటప్పుడు ఆ నంబరు చూపించమని అడగడం తప్పు కాదు. అడిగితే కోప్పడే వకీలు ఉంటే ఇంకో వకీలును చూసుకోండి.

సనదు వచ్చినా పని అయిపోలేదు. 2010లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అఖిల భారత బార్ పరీక్ష ఒకటి తెచ్చింది. వంద ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, సరైనదాన్ని గుర్తించాలి. వ్యాఖ్యానాలేవీ లేని ఉత్త చట్టం పుస్తకాలు హాల్లోకి తీసుకుపోవచ్చు. 45 మార్కులొస్తే గట్టెక్కినట్టే, ఎస్సీ ఎస్టీలకు 40. ఎన్‌రోలైన రెండేళ్లలోపు ఇది పాసవ్వాలి. ఈ పరీక్ష పెట్టే అధికారం బార్ కౌన్సిల్‌కు ఉందా అని పెద్ద వివాదమే నడిచింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఉందని తేల్చేసింది.

నన్నడిగితే ఈ పరీక్ష వకీలును తయారు చెయ్యదు. సెక్షన్ ఎక్కడుందో వెతకడం వచ్చో రాదో చూస్తుంది, అంతే. సాక్షిని క్రాస్ చెయ్యడం, కౌంటరు రాయడం, ఎదుటివాడి కాగితంలో లొసుగు పట్టుకోవడం, పల్లె మనిషి తెలుగులో గోడు వెళ్లబోసుకుంటే అందులోంచి దావాకు పనికొచ్చే నాలుగు ముక్కలు ఏరడం, ఇవన్నీ సీనియర్ ఆఫీసులో కూర్చుంటేనే వస్తాయి. ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర కుర్రవాడు మొదటిరోజే విగ్రహానికి కళ్లు చెక్కడు గదా, ముందు రాయి మోస్తాడు, ఉలికి పదును పెడతాడు. ఇక్కడా అంతే. జూనియర్ మొదట చేసే పని కాజ్‌లిస్టు చూసి ఏ కేసు ఎన్నో నంబరులో ఉందో రాసుకోవడం, సీనియర్ ఇంకో కోర్టులో ఉంటే లేచి నిలబడి టైం అడగడం, నకళ్లకు కాపీ అప్లికేషన్ వెయ్యడం.

ఇంత ముఖ్యమైన శిక్షణ తప్పనిసరి కాదు. విచిత్రమేమంటే, ఒకప్పుడు తప్పనిసరే. 1961 చట్టం వచ్చిన కొత్తల్లో శిక్షణ, పరీక్ష రెండూ ఉండేవి. 1973 సవరణతో వాటిని తీసేశారు. 1995లో బార్ కౌన్సిల్ మళ్లీ ఏడాది శిక్షణ పెడితే 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తరువాతే పైన చెప్పిన పరీక్ష వచ్చింది. యాభై ఏళ్లుగా శిక్షణ కావాలా వద్దా అని మన వ్యవస్థ తేల్చుకోలేకపోతోంది. నా మట్టుకు కావాలి. కానీ ఆ ఏడాది కూడు ఎవరు పెడతారన్నది ముందు తేలాలి.

అసలు విషయం ఇదే. వకీలు వృత్తిలోకి రావడానికి చట్టం పెట్టిన రుసుము ఒకటుంది, చట్టంలో ఎక్కడా రాయని రుసుము ఇంకొకటుంది. మొదటిది 750 రూపాయలు. అందులో 600 రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు, 150 బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు. ఎస్సీ ఎస్టీలకు మొత్తం 125. చట్టంలో ఇంత స్పష్టంగా ఉన్నా, లైబ్రరీ ఫీజనీ, సంక్షేమ నిధి అనీ, వెరిఫికేషన్ అనీ రకరకాల పేర్లతో దేశంలోని బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేస్తూ వచ్చాయి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు దీనికి అడ్డుకట్ట వేసింది. చట్టంలో ఉన్నదానికంటే ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోవడానికి వీల్లేదని చెప్పింది. కాకపోతే అప్పటికే కట్టినవాళ్లకు తిరిగి ఇవ్వక్కర్లేదంది. ఆ తీర్పు పేద ఇళ్ల పిల్లలకు నిజంగా మేలు చేసింది.

ఇక చట్టంలో రాయని రుసుము. కర్నూలు-కడప కాలువ కింద రెండెకరాలున్న రైతు కొడుకు లా చదివి నంద్యాలలో సీనియర్ దగ్గర చేరాడనుకుందాం. గది అద్దె, మెస్సు ఖర్చు, తెల్లచొక్కాలు, నల్లకోటు, బస్సు ఛార్జీలు. సీనియర్ మంచివాడైతే నెలకు ఏదో చేతిలో పెడతాడు. చాలామంది పెట్టరు, పని నేర్పడమే జీతమంటారు. పోనీ ఇంకో ఉద్యోగం చేసుకుంటూ ప్రాక్టీసు చేద్దామంటే బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. పూర్తికాలం జీతానికి ఉద్యోగం చేసేవాడు, స్వయంగా వ్యాపారం నడిపేవాడు ప్రాక్టీసు ఆపుకోవాలి. ప్రకటనలు ఇచ్చుకోవడానికి లేదు. బోర్డు కూడా ఓ మోస్తరు సైజులోనే పెట్టుకోవాలి. అంటే పేరు పాకేదాకా ఓపిక పట్టాల్సిందే. తండ్రో మేనమామో వకీలైన కుర్రాడికి ఆఫీసు, పుస్తకాలు, పాత కక్షిదారులు రెడీగా ఉంటారు. రైతు కొడుకుకు మూడు నాలుగేళ్లు ఇంటి నుంచి డబ్బు రావాలి. రాకపోతే నల్లకోటు విప్పి ఏ కంపెనీలోనో చేరిపోతాడు. ఇది గమనించే 2019లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం లా నేస్తం పేరుతో కొత్త జూనియర్లకు మొదటి మూడేళ్లు నెలకు 5 వేల రూపాయలు ఇచ్చే పథకం మొదలుపెట్టింది. ప్రభుత్వాలు మారుతుంటాయి, పథకాల పేర్లు మారుతుంటాయి. జూనియర్ ఆకలి మాత్రం అదే.

2025 మేలో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్లు ప్రాక్టీసు చేసి ఉండాలి. లా కాలేజీ నుంచి నేరుగా జడ్జి కుర్చీలోకి పోవడం ఇక కుదరదు. ఆ మూడేళ్లు నిజంగా కోర్టుకు వచ్చాడని పదేళ్ల అనుభవం ఉన్న న్యాయవాది రాసివ్వాలి, దాని మీద జడ్జి సంతకం చెయ్యాలి. ఉద్దేశం మంచిదే. సాక్షి వణుకుతూ బోనెక్కడం ఎట్లా ఉంటుందో చూడనివాడు తీర్పు చెప్పకూడదు. కానీ మళ్లీ ఆ మూడేళ్లు ఎవరు భరించాలన్న ప్రశ్న అక్కడే ఉంది.

తలుపు దగ్గర నిలబెట్టడం ఈ వృత్తిలో కొత్త కాదు. బ్రిటిషువాళ్ల కాలంలో వకీళ్లలోనే మెట్లుండేవి. సెకండ్ గ్రేడ్ ప్లీడరు, ఫస్ట్ గ్రేడ్ ప్లీడరు, హైకోర్టు వకీలు, అందరికంటే పైన బారిస్టరు. టంగుటూరి ప్రకాశం పంతులు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా మొదలై బాగా సంపాదించారు. ఎంత వాదనా పటిమ ఉన్నా ఆ మెట్టు మీదున్నవాడికి పెద్ద కోర్టు తలుపు తెరుచుకోదు. అందుకే ఆయన 1904లో ఇంగ్లండు పోయి బారిస్టరై వచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. ఆ పంతులుగారే 1953 అక్టోబరు 1న మన కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి. ఆడవాళ్లకైతే 1923లో ప్రత్యేకంగా చట్టం చేసేదాకా ఈ వృత్తిలో హక్కే లేదు. కర్నూలు పక్కనున్న పెదపాడులో పేద దళిత కుటుంబంలో పుట్టిన దామోదరం సంజీవయ్య మద్రాసులో లా చదివి 1950లో న్యాయవాదిగా చేరారు. పదేళ్లు తిరక్కుండా ముఖ్యమంత్రి అయ్యారు. విశాఖపట్నంలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆయన పేరే ఉంది. బ్రిటిషు కాలపు ఆ మెట్లన్నీ 1961 చట్టం కూలగొట్టి అందరినీ ఒకే రకం అడ్వొకేట్లుగా చేసింది. ఆళ్లగడ్డ కోర్టులో వాదించే సనదుతోనే సుప్రీంకోర్టులోనూ వాదించవచ్చు. ఈ హక్కు కాగితం మీద 1961లో వచ్చినా, దానికి సంబంధించిన సెక్షన్ అమల్లోకి వచ్చింది మాత్రం 2011లో. యాభై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు నోటరీ దగ్గరికి వద్దాం.

నోటరీ కావడం వకీలు కావడం కంటే కష్టం. 1952 నాటి నోటరీల చట్టం, 1956 నియమాల ప్రకారం న్యాయవాదిగా కనీసం పదేళ్లు ప్రాక్టీసు చేసి ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు, మహిళలకు ఏడేళ్లు. దరఖాస్తు మీద ఓ మేజిస్ట్రేటు, ఓ జాతీయ బ్యాంకు మేనేజరు, ఓ వ్యాపారి, ఆ ప్రాంతంలో పేరున్న ఇద్దరు పెద్దమనుషులు సంతకాలు పెట్టాలి. ఎందుకంటారా? నోటరీకి కావలసింది చట్టజ్ఞానం ఒక్కటే కాదు, ఊళ్లో పరపతి కూడా. ఈయన అబద్ధపు సంతకానికి సీలు కొట్టడు అని ఊరు నమ్మాలి. నియమించేది ప్రభుత్వం. కేంద్రం నియమించే నోటరీలు వేరు, రాష్ట్రం నియమించే నోటరీలు వేరు. ఎవరికి ఏ ప్రాంతం ఇచ్చారో సర్టిఫికెట్‌లో రాసి ఉంటుంది. సర్టిఫికెట్ ఐదేళ్లకే. ఆ తరువాత రెన్యువల్ చేయించుకోవాలి. ఇంకో సంగతి చెబితే నవ్వొస్తుంది. ఈ చట్టం రాకముందు మన దేశంలో పూర్తిస్థాయి నోటరీ కావాలంటే ఇంగ్లండులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుకు సంబంధించిన ఓ కార్యాలయం నియమించాలి. స్వతంత్రం వచ్చాక కూడా మన సీలుకు అక్కడి అనుమతేమిటని ఈ చట్టం చేశారు.

సీలు సైజు కూడా నియమాల్లో ఉంది. గుండ్రంగా, 5 సెంటీమీటర్ల అడ్డకొలత. దాంట్లో నోటరీ పేరు, ఆయన ప్రాంతం, నియమించిన ప్రభుత్వం పేరు ఉండాలి. చేసిన ప్రతి పనీ రిజిస్టరులో ఎక్కించాలి. వరుస నంబరు, తేదీ, కాగితం దేని గురించి, ఎవరు సంతకం పెట్టారు, ఎంత ఫీజు తీసుకున్నారు, పెట్టినవాళ్ల సంతకమో వేలిముద్రో. ఫీజుకు రసీదు ఇవ్వాలి. ఎప్పుడన్నా రసీదు తీసుకున్నారా మీరు? మనం అడగం, వాళ్లివ్వరు. సంతకం పెట్టే మనిషి నోటరీ ఎదుటికి రావాలి. మనిషి రాకుండా కాగితం ఒక్కటే పంపించి సీలు కొట్టించుకోవడం మనవాళ్లకు మామూలైపోయింది. రేపు కోర్టులో ఆ సంతకం నాది కాదని అవతలివాడు అంటే రిజిస్టరు తెప్పిస్తారు. అందులో సంతకం లేకపోతే ఆ సీలు విలువ ఇంకుప్యాడు ఖరీదే.

నోటరీ ఏం చేయగలడు? ప్రమాణం చేయించి అఫిడవిట్ తీసుకోగలడు. సంతకం ఫలానావారిదేనని ధ్రువీకరించగలడు. అసలుతో సరిచూసి నకలు సరైనదేనని చెప్పగలడు. ప్రామిసరీ నోటు, హుండీ చెల్లకపోతే ప్రొటెస్టు నమోదు చేయగలడు.

ఏం చేయలేడో చెప్పడం ఇంకా అవసరం. ఎందుకంటే మన పల్లెల్లో కొంపలు మునిగేది ఇక్కడే. ఒకాయన ఆళ్లగడ్డ దగ్గర ఎకరా పొలం కొన్నాడనుకోండి. స్టాంపు డ్యూటీ మిగుల్తుందని స్టాంపు కాగితం మీద క్రయ అగ్రిమెంటు రాసుకుని, నోటరీ సీలు వేయించి, డబ్బంతా ఇచ్చేసి, పొలంలోకి దిగి శెనగ వేసుకున్నాడు. ఎర్రటి స్టాంపులు, గుండ్రటి సీలు, రెండు ఫొటోలు, అడ్డంగా సంతకాలు. చూడటానికి ఆ కాగితం రిజిస్టరు దస్తావేజు కంటే గంభీరంగా ఉంటుంది. పొలం మాత్రం ఆయనది కాలేదు. వంద రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్‌రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరు కావాలి. మన రాష్ట్రంలో 1999 నుంచి క్రయ అగ్రిమెంటును కూడా రిజిస్టరు చేయించాలని సవరణ ఉంది. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ), అగ్రిమెంటు, వీలునామా కలిపి ఇచ్చేసి అమ్మేశామంటే హక్కు బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అమ్మినవాడు చనిపోయి, వారసులు వచ్చి ఈ కాగితం మాకు తెలీదంటే, కొన్నాయన ఆ అగ్రిమెంటు పట్టుకుని రిజిస్టరు చేయించమని కోర్టులో దావా వెయ్యాలి. దానికీ గడువు మూడేళ్లు. చాలామంది ఆ గడువు దాటాకే వకీలు దగ్గరికి వస్తారు.

వీలునామా కూడా అంతే. దాన్ని రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు, నోటరీ సీలూ తప్పనిసరి కాదు. కావలసింది రాసినాయన సంతకం చూసిన ఇద్దరు సాక్షుల సంతకాలు. సీలుందని సాక్షుల్ని వదిలేస్తే వీలునామా నిలబడదు. ఇక పెళ్లిళ్లు, విడాకులు. స్టాంపు కాగితం మీద రాసుకుని నోటరీ చేయిస్తే పెళ్లీ కాదు, విడాకులూ రావు. నోటరీలు ఇట్లాంటి పత్రాలు చెయ్యకూడదని 2024లో కేంద్ర న్యాయశాఖ గట్టిగానే చెప్పింది.

ఈ గందరగోళానికి నోటరీలను మాత్రమే అనకూడదు. ఫ్రాన్సు, ఇటలీ లాంటి దేశాల్లో నోటరీ అంటే ఆస్తి పత్రాన్ని స్వయంగా తయారుచేసే పెద్ద అధికారి. అమెరికాలోనైతే లా చదవకపోయినా నోటరీ కావచ్చు, కాలిఫోర్నియాలో ఆరు గంటల తరగతి విని పరీక్ష పాసైతే చాలు. మన నోటరీ ఆ రెంటి మధ్యా ఉన్నాడు. పదేళ్ల వకీలు అనుభవం అడుగుతారు, అధికారమేమో సంతకం సాక్ష్యం దాకానే.

అమెరికా మాట వచ్చింది గాబట్టి, పిల్లలు అక్కడున్నవాళ్లు గుర్తుపెట్టుకోండి. ఇక్కడి పొలమో ఇల్లో అమ్మడానికి కొడుకు అక్కడి నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపాలంటే భారత కాన్సులేట్ అధికారి ఎదుటగానీ, అక్కడి నోటరీ ఎదుటగానీ సంతకం పెట్టాలి. నోటరీ చేయిస్తే అపోస్టిల్ అనే ధ్రువీకరణ కూడా వేయించడం క్షేమం. ఆ కాగితం మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. కవరు బీరువాలో పెట్టి సంక్రాంతికి వస్తాడులే అప్పుడు చూద్దాం అనుకుంటే గడువు దాటిపోతుంది.

వకీలు ఫీజు గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. కేసు గెలిస్తే వచ్చే భూమిలోనో డబ్బులోనో ఇంత వాటా అని ఎవరన్నా మీతో ఒప్పందం మాట్లాడితే అది బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. ఒప్పుకోకండి. వృత్తి ధర్మం తప్పిన వకీలు మీద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు, క్రమశిక్షణ సంఘం విచారిస్తుంది. నోటరీ మీదైతే నియమించిన ప్రభుత్వానికి రాయాలి. ఫీజు ఇచ్చుకోలేనివాళ్లు వకీలు లేకుండా ఉండక్కర్లేదు. 1987 న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్లు, పిల్లలు, ఎస్సీ ఎస్టీలు, దివ్యాంగులు, జైల్లో ఉన్నవాళ్లు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా న్యాయవాదిని పొందవచ్చు. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంది. మీకు దగ్గరలోని కోర్టులో న్యాయసేవల సంస్థ ఎక్కడుందో అడగండి, లేదా 15100 నంబరుకు ఫోన్ చెయ్యండి. ఆ ఫోనుకు ఖర్చు లేదు.